మూడో గడి

మా పెద్దమ్మ నా చదువు గురించి ఊళ్ళో అందరికీ చెప్పే మాట ఒక్కటే: "మా అమ్మాయి హైదరాబాదులో చిప్పలు మార్చడం నేర్చుకుంటోంది." మొదట్లో దిద్దేదాన్ని, తర్వాత మానేశాను. నిజానికి మేం చేసిన మోకాలి మార్పిడుల్లో మార్చకుండా వదిలేసింది ఏదైనా ఉందంటే అది చిప్పే. తొడ ఎముక కింది కొసను ఐదు పలకలుగా కోసి దాని మీద లోహపు తొడుగు ఎక్కిస్తాం. కాలి ఎముక పై కొసను బల్లపరుపుగా కోసి లోహపు పళ్ళెం బిగిస్తాం. రెండింటి మధ్య పాలీఇథిలీన్ అనే ప్లాస్టిక్ దిమ్మ ఒకటి కూర్చుంటుంది. చిప్పను పక్కకు తప్పించి, అంచున పెరిగిన ముళ్ళు గిల్లేసి, పని అయ్యాక దాని చోట దాన్ని పెట్టేస్తాం. చిప్ప వెనక కూడా ప్లాస్టిక్ బిళ్ళ అతికించే సర్జన్లు ఉన్నారు. అతికించాలా వద్దా అన్నది మా వాళ్ళ సమావేశాల్లో ఏళ్ళ తరబడి తెగని తగవు. పెద్దమ్మకు అదంతా ఎందుకు?

అయితే కీళ్ళ మార్పిడిలో ఏడాది శిక్షణ, మా భాషలో ఫెలోషిప్, ముగించుకుని ఇంటికి వెళ్ళిన రోజు ఆవిడే ఇంకో ప్రశ్న వేసింది. "డాక్టరు చదువు ఐదున్నరేళ్ళు, ఆపైన ఎముకల చదువు మూడేళ్ళు అయ్యాయి కదే. ఈ ఏడాది కొత్తగా ఏం నేర్పారు?" నాకు వెంటనే జవాబు తోచలేదు. "చేయడం నేర్పారు పెద్దమ్మా" అన్నాను. "మరి అంతకుముందు చేయలేదా?" అంది. ఆ మాట నాలుగు రోజులు నన్ను వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

కోస్తాలో ఒక ప్రభుత్వ కళాశాలలో ఎం.ఎస్. చేసిన మూడేళ్ళూ మాకు విరిగిన ఎముకలే లోకం. లారీ గుద్దిన కుర్రాళ్ళు, ధాన్యం బస్తా మీద పడిన హమాలీలు, స్నానాల గదిలో జారిన ముసలమ్మలు. తుంటి దగ్గర ఎముక మెడ విరిగిన వృద్ధులకు ఆస్టిన్ మూర్ బంతి పెట్టడం నా చేతికి బాగానే అలవాటైంది. అది సగం మార్పిడి. విరిగిన బంతిని మారుస్తాం, అది తిరిగే గిన్నెను అలాగే ఉంచుతాం. గిన్నె, బంతి రెండూ మార్చే పూర్తి తుంటి మార్పిడినీ పూర్తి మోకాలి మార్పిడినీ చదివాను, చూశాను, పరీక్షలో వాటి గురించి పేజీలు నింపాను. చేయలేదు. పట్టా చేతికొచ్చాక కూడా, ఎవరైనా నన్ను ఒంటరిగా మోకాలి ముందు నిలబెట్టి కత్తి ఇస్తే వణికేదాన్ని.

ఫెలోషిప్‌ల కోసం తిరిగినప్పుడు ఒకచోట ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి నా చేతుల వంక చూసి, "సుత్తి కొట్టగలవా అమ్మా?" అని అడిగారు. గ్లవ్సు సైజు ఆరున్నర అని చెప్పాను. అక్కడ సీటు రాలేదు. ఆ తర్వాత నన్ను తీసుకున్న సార్ మాత్రం సుత్తి గురించి అడగలేదు. "ఎంతసేపు నిలబడగలవు?" అని అడిగారు. ఆ ప్రశ్న ఎంత నిజమో మొదటి వారంలోనే తెలిసింది.

సార్ ఆరడుగుల మనిషి. ఆపరేషన్ బల్ల ఎత్తు ఆయన మోచేతికి సరిపోయేలా పెడతారు. నేను ఐదడుగుల ఒక అంగుళం. మొదటి రోజు ఒక స్టీలు స్టూలు ఎక్కినా గాయం నా గడ్డం దగ్గరికి వచ్చింది. రెండో రోజుకు థియేటర్ టెక్నీషియన్ రెండు స్టూళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టి, కదలకుండా ప్లాస్టరుతో చుట్టి, పైన స్కెచ్ పెన్నుతో "మేడమ్" అని రాసి పెట్టాడు. ఏడాదంతా అదే నా సింహాసనం. రోజుకు నాలుగైదు కేసులు. మొదటి మూడు నెలలూ నా పని హోమన్ రిట్రాక్టర్ పట్టుకోవడం. కండరాలను పక్కకు లాగి ఉంచే ఇనుప కొంకి అది. సార్‌కు చూపు ఆనాలంటే నా చేయి కదలకూడదు. నాకేమో ఏమీ కనబడదు, ఆయన భుజం తప్ప. మూడో కేసుకు వచ్చేసరికి బొటనవేలి మొదట్లో మంట మొదలై మోచేతి దాకా పాకేది. సీనియర్ సిస్టర్ ఒకావిడ నా మొహం చూసే పోల్చేసేది. ఏమీ అనకుండా ఎడమ చేతిలో ఉన్న రిట్రాక్టర్‌ను కుడి చేతికి మార్చి, నా మోచేయిని బల్ల అంచుకు ఆనించి వెళ్ళేది. "బలంతో లాగకండి మేడమ్, బరువుతో ఆనండి" అని ఒకసారి అంది. ఏ పుస్తకంలోనూ లేని పాఠం. తర్వాత సుత్తి చేతికి వచ్చినప్పుడు కూడా అదే పనికొచ్చింది. సుత్తి భుజంతో కొట్టేది కాదు, మణికట్టుతో వదిలేది.

మోకాలి విషయంలో అసలైన విద్య థియేటర్‌లో కాకుండా ఓ.పి.లో మొదలైంది. అక్కడికి వచ్చేవాళ్ళందరూ ఒకటే మాటతో వస్తారు: "గుజ్జు అరిగిపోయిందట డాక్టరమ్మా." కొందరు శాతంతో సహా చెబుతారు. "డెబ్బై శాతం పోయిందన్నారు, ఇంకో ముప్ఫై ఉందట." ఆ శాతాలు ఎవరు కొలిచారో, దేనితో కొలిచారో నాకు అంతుబట్టదు. వాళ్ళు గుజ్జు అనేది మృదులాస్థిని, ఎముక కొసల మీద ఉండే మెత్తని పొరను. అది ఎక్స్‌రేలో కనబడదు. కనబడేది రెండు ఎముకల మధ్య ఖాళీ. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఆ ఖాళీ మూసుకుపోయి ఎముకకు ఎముక తగులుతుంటే అరుగుదల ముదిరిందని అర్థం. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో అదే మోకాలు నిక్షేపంగా కనబడవచ్చు. "పడుకున్న మోకాలు అబద్ధం చెబుతుంది" అని సార్ ఎక్స్‌రే గదివాళ్ళతో రోజూ పోట్లాడేవారు.

ఆయన పద్ధతి ఒకటుండేది. రోగి తలుపు తెరిచి లోపలికి వస్తున్నప్పుడు ఫైలు ముట్టుకునేవారు కాదు. తలుపు నుంచి కుర్చీ దాకా, అంతా కలిపి ఏడెనిమిది అడుగులు. ఆ నడకే చూసేవారు. కూర్చునేటప్పుడు చేతులు కుర్చీ మీద మోపారా, తొడ మీద మోపారా? తోడు వచ్చినవాళ్ళ వంక చూస్తున్నారా, నేల వంక చూస్తున్నారా? ఆ తర్వాత చెప్పులు విప్పించి పాదాలు చూసేవారు. పొలంలో పనిచేసే ఆడవాళ్ళ కాలి వేళ్ళ సందులు ఒరిసి ఉంటాయి, మడమలు పగిలి ఉంటాయి. చర్మం చిట్లిన చోట నుంచి సూక్ష్మజీవి బయలుదేరితే లోపల పెట్టిన లోహం మీద కాపురం పెడుతుంది, ఇక దాన్ని ఖాళీ చేయించడం మహా కష్టం. అందుకే పళ్ళు, మూత్రం, చక్కెర, వేళ్ళ సందులు అన్నీ బాగుంటేనే తేదీ ఇచ్చేవారు. ఆపరేషన్ కోసం సంచి సర్దుకుని వచ్చిన ఒక కుటుంబాన్ని వేళ్ళ సందుల కోసం మూడు వారాలు వెనక్కి పంపితే, కొడుకు బయట నా మీద విరుచుకుపడ్డాడు. సార్ మీద అరవలేడు కదా.

ఒకరోజు మోకాలి నొప్పి అంటూ అరవై దాటిన మాస్టారు ఒకాయన వచ్చారు. అప్పటికే వేరే చోట మోకాలి మార్పిడికి తేదీ కూడా తీసుకున్నారట. ఎక్స్‌రేలో మోకాలు కాస్త అరిగిన మాట నిజమే. నేను మోకాలంతా నొక్కి చూసి, వంచి చూసి, సార్‌కు చెప్పడానికి సిద్ధమయ్యాను. ఆయన మోకాలు ముట్టుకోలేదు. పడుకోబెట్టి, తొడను తొంభై డిగ్రీలు మడిచి, పాదాన్ని మెల్లగా బయటికి తిప్పారు. మాస్టారు కెవ్వున అరిచారు. తుంటి కీలు పాడైతే ఆ నొప్పి మోకాలి దగ్గర తెలియడం నేను పదిసార్లు చదివిన విషయమే. రెండు కీళ్ళకూ నరాల దారులు కొంతవరకు ఒకటే. చదివాను గానీ ఆ రోజు నా చెయ్యి తుంటి మీదికి పోలేదు. చివరికి ఆయనకు మార్చింది తుంటి. మోకాలు ఇప్పటికీ ఆయనదే.

ధర గురించి అడగనివాళ్ళు లేరు. మోకాలి ఇంప్లాంట్లకు కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ ధరలు కట్టడి చేసింది. ఎక్కువగా వాడే కోబాల్టు-క్రోమియం మోకాలికి అప్పట్లో పెట్టిన హద్దు 54,720 రూపాయలు, పన్ను అదనం. అంతకుముందు దానికి రెండు మూడు రెట్లు పెట్టినవాళ్ళున్నారు. ధర తగ్గాక "చవకది వేస్తారేమో" అనే కొత్త అనుమానం కూడా పుట్టింది. నేల మీద కూర్చోవచ్చా అన్నది రెండో ప్రశ్న, అలిపిరి మెట్లు ఎక్కవచ్చా అన్నది మూడోది. మెట్లు ఎక్కవచ్చు, గొంతుక్కూర్చోవద్దు అంటే ఆడవాళ్ళు తలూపుతారు గానీ నమ్మరు. ఒకావిడ మూడు నెలలకు వచ్చి, వాకిట్లో గొంతుక్కూర్చుని వేసిన ముగ్గు ఫోటో చూపించింది. సార్ తిడతారేమో అనుకున్నాను. చుక్కలు లెక్కపెట్టారు.

ఇప్పుడు థియేటర్‌కు వద్దాం. ముందు రోజు రాత్రి ఎక్స్‌రే మీద కొలతలు వేయడం నా పని. ఎక్స్‌రేలో ఎముక అసలు కంటే పెద్దగా పడుతుంది కాబట్టి, పక్కన 25 మిల్లీమీటర్ల ఉక్కు గుండు పెట్టి తీస్తారు. గుండు ఎంత పెరిగిందో ఎముకా అంతే పెరిగిందని లెక్క. నా అంచనా సైజులు తెల్లబోర్డు మీద రాయాలి. ఆపరేషన్ అయ్యాక నిజంగా పెట్టిన సైజును సార్ పక్కన రాసి, తేడా ఉంటే సున్నా చుట్టేవారు. మొదటి నెల బోర్డు నిండా సున్నాలే. పొద్దున్నే ఇంప్లాంట్ కంపెనీ కుర్రాడు ఆరేడు ఇనుప పెట్టెలతో దిగేవాడు. ఏ పెట్టెలో ఏ దిమ్మ ఎక్కడ ఉందో అతనికి నిద్రలో కూడా తెలుసు. సగం పరికరాల వాడుక నాకు నేర్పింది అతనే, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అందరూ మా పనిని వడ్రంగం అంటారు. రంపం ఉంది, సుత్తి ఉంది, బరమా ఉంది, నిజమే. కానీ కోత అన్నది అందులో సులువైన భాగం. కోతకు దారి చూపించే లోహపు చట్రాలు ఉంటాయి. వాటిని సరిగ్గా బిగిస్తే రంపం తప్పుదారి పట్టదు. ఇప్పుడు రోబోలు కూడా వచ్చాయి. ఊరి నిండా హోర్డింగులు చూసి "రోబోనే చేస్తుందట కదా, మీరేం చేస్తారు?" అని అడిగినవాళ్ళున్నారు. రోబో మంచి కొలబద్ద. గీసిన గీత దాటనివ్వదు. గీత ఎక్కడ గీయాలో మాత్రం మనమే చెప్పాలి.

కష్టమంతా బిగువులో ఉంది. మన దగ్గర మోకాలి మార్పిడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందివి దొడ్డికాళ్ళు. ఏళ్ళ తరబడి లోపలి వైపు అరిగి అరిగి, ఎముకకు ఎముకను కట్టి ఉంచే లోపలి స్నాయువు కుంచించుకుపోయి, బయటిది సాగిపోయి ఉంటుంది. ఎముక ఎంత తిన్నగా కోసినా రెండు వైపులా బిగువు సమంగా లేకపోతే ఆ కీలు తొందరగా అరుగుతుంది, లేదా నడుస్తుంటే లటలటలాడుతుంది. పైగా కాలు చాచినప్పుడు ఉన్న బిగువే మడిచినప్పుడూ ఉండాలి. దీనికి తొమ్మిది గళ్ళ పట్టిక ఒకటుంది, పరీక్షకు బట్టీ పట్టాం. చాచినప్పుడు బిగుతై, మడిచినప్పుడు సరిపోతే తొడ ఎముక కింది కొస ఇంకాస్త కోయాలి. రెండింటిలోనూ బిగుతైతే పలచని దిమ్మ వేయాలి, లేదా కాలి ఎముకను ఇంకొంచెం కోయాలి. ఇలా తొమ్మిది. పట్టిక నోటికి వచ్చు. కానీ బిగుతంటే ఎంత?

నాలుగో నెలలో ఒకరోజు సార్ కోతలన్నీ పూర్తిచేసి, నమూనా తొడుగు, నమూనా పళ్ళెం, పది మిల్లీమీటర్ల నమూనా దిమ్మ పెట్టి, పక్కకు జరిగారు. "నువ్వు రా. కళ్ళు మూసుకో." రెండు స్టూళ్ళు అటువైపు మోసుకెళ్ళడానికే అర నిమిషం పట్టింది. ఒక చెయ్యి మడమ కింద, ఒక చెయ్యి మోకాలి పక్కన. కాలు చాచి లోపలికి నెట్టాను, బయటికి నెట్టాను. కొద్దిగా మడిచి మళ్ళీ నెట్టాను. తొంభై దగ్గర మళ్ళీ. "ఏమనిపిస్తోంది?" అన్నారు. "లోపలి వైపు బిగువుగా ఉంది సార్." "ఎప్పుడు? చాచినప్పుడా, మడిచినప్పుడా?" నాకు తేడా తెలియలేదు. మళ్ళీ చేయమన్నారు. మత్తు డాక్టరు గడియారం చూసుకుంటున్నారని కళ్ళు మూసుకున్నా తెలుస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది అమ్మమ్మ ఇంటి నులక మంచం. వేసవి సెలవుల్లో దాని తాళ్ళు వదులైనప్పుడు తాతయ్య కాళ్ళ వైపు కూర్చుని ఒక్కొక్క తాడూ లాగి బిగించేవాడు. ఒకటి మరీ బిగిస్తే పక్కది జారేది. అంతా అయ్యాక అరచేత్తో మంచం మధ్య నొక్కి వదిలేవాడు. పైకి తిరిగివచ్చే ఆ తోపుడు చూసే "చాలు" అనేవాడు. పిల్లలం మేమూ నొక్కి చూసేవాళ్ళం. మోకాలిని మళ్ళీ చాచి నెట్టాను. నెట్టినప్పుడు ఎంత తెరుచుకుందన్నది వదిలేసి, వదిలినప్పుడు అది ఎలా తిరిగి మూసుకుందో గమనించాను. చాచినప్పుడు లోపలి వైపు టక్కున మూసుకుంది. మడిచినప్పుడు మెత్తగా. "చాచినప్పుడే సార్." ఆయన ఏమీ అనలేదు. ఎముక వెనక అంచున మిగిలిపోయిన ముల్లు ఒకటి తీసేశారు. మళ్ళీ చూడమన్నారు. రెండూ ఒకేలా మూసుకున్నాయి. చేతికి ఒక మాట తెలిసినట్టు అనిపించింది. ఇది ఇంకెవరికైనా నేర్పమంటే ఎలా నేర్పాలో నాకు తెలియదు. కళ్ళు మూసుకోమనడం తప్ప.

సిమెంటు గురించి చెప్పకపోతే ఫెలో బతుకు సగం చెప్పినట్టే. అది గోడలకు వాడే సిమెంటు కాదు, ఒక రకం ప్లాస్టిక్. 40 గ్రాముల పొడిలో 20 మిల్లీలీటర్ల ద్రవం పోసి కలిపితే, ముక్కు పుటాలు మండే వాసనతో పాకంలా అవుతుంది. గ్లవ్సుకు అంటుకోవడం మానేసిన క్షణం నుంచి గట్టిపడే లోపే అంతా అయిపోవాలి. గది వెచ్చగా ఉంటే త్వరపడుతుంది, చల్లగా ఉంటే తాత్సారం చేస్తుంది. ఇంప్లాంటు కూర్చోబెట్టాక కాలు చాచి పట్టుకుని అందరం బొమ్మల్లా నిలబడతాం. మిగిలిన సిమెంటును సున్నుండలా చుట్టి నా అరచేతిలో పెట్టేవారు. మొదట చల్లగా, మెత్తగా ఉంటుంది. ఉన్నట్టుండి వేడెక్కుతుంది, పట్టుకోలేనంతగా. ఆ వేడి దిగేసరికి రాయి. "అయింది సార్" అని చెప్పడం నా పని. ఏడాదిలో ఆ ఉండలు ఎన్ని పట్టుకున్నానో! ఒకటి దాచుకున్నాను, ఇప్పుడు నా బల్ల మీద కాగితాలకు బరువుగా ఉంది.

ఎనిమిదో నెలలో మిర్యాలగూడ వైపు నుంచి ఒకావిడ వచ్చింది. వయసు 52. ఇరవై ఏళ్ళుగా కీళ్ళవాతం, దానికి స్టెరాయిడ్ మాత్రలు. రెండు తుంట్లూ పోయాయి, కుడిది మరీ ఎక్కువ. ముందురోజు సమావేశంలో కేసు చెప్పింది నేనే. బంతిని మోస్తూ తొడ ఎముకలో దిగే కాడకు సిమెంటు వేయాలా, లేకుండా బిగించాలా అన్నది ప్రశ్న. ఎముక పలచగా ఉంది, సిమెంటు ఆలోచించావా అని సార్ అడిగారు. వయసు తక్కువ కాబట్టి సిమెంటు లేకుండానే మంచిదని వాదించాను. ఆయన ఎక్స్‌రేను కాసేపు చూసి, "సరే, నువ్వే చెయ్యి" అన్నారు.

గిన్నె బాగా కూర్చుంది. ఇక కాడ. సిమెంటు లేని కాడకు చోటు చేయడానికి బ్రోచ్ వాడతాం. ఆకురాయికి ఉన్నట్టు పళ్ళున్న ఇనుప కడ్డీ అది. చిన్న సైజుతో మొదలుపెట్టి ఒక్కో సైజు పెంచుతూ సుత్తితో తొడ ఎముక గొట్టంలోకి దింపుతాం. ఎక్కడ ఆగాలో చెప్పేది చెవి. మొదట్లో దెబ్బ మొద్దుగా వినిపిస్తుంది, సంచి మీద కొట్టినట్టు. కడ్డీ ఎముక గోడలను పట్టుకునే కొద్దీ శబ్దం సన్నబడి, చివరికి కంచు మీద కొట్టినట్టు మోగుతుంది. మోగిందంటే చాలు. ఆ రోజు మూడో సైజు మోగింది. నాకు వినబడింది. కానీ బోర్డు మీద నేను రాసింది నాలుగు. సున్నా చుట్టించుకోవడం ఇష్టం లేదు. నాలుగో సైజు అడిగాను. ఇచ్చారు. నాలుగు దెబ్బలు. ఐదో దెబ్బకు కడ్డీ రెండు మిల్లీమీటర్లు సులువుగా దిగింది.

సులువుగా దిగకూడదు.

"ఆపు" అన్నారు సార్, నేను ఆపాక. ఎముక మెడ లోపలి అంచున వెంట్రుక మందాన ఒక గీత. తుడిస్తే పోయింది. మళ్ళీ చూస్తుండగానే ఆ గీత వెంబడి నెత్తురు సన్నగా ఊరింది. గదిలో ఎవరూ ఏమీ అనలేదు. సిస్టర్ అప్పటికే తీగల పెట్టె తెరుస్తోంది, ఎవరూ అడగకుండానే. సార్ నా చేతిలోంచి సుత్తి తీసుకోలేదు. పక్కన పెట్టమన్నారు. బ్రోచ్ బయటికి తీయించి, ఎముక చుట్టూ రెండు తీగలు ఆయనే తిప్పారు, ఎముకను రాసుకుంటూ, నరం జోలికి పోకుండా. బిగించాక గీత మూసుకుంది. మూడో సైజు కాడ పెట్టారు. గట్టిగా పట్టింది. అంతా కలిపి ఇరవై నిమిషాలు ఎక్కువైంది. ఆవిడ మరునాడే కాలి మీద పూర్తి బరువు వేయవలసింది పోయి, ఆరు వారాలు వాకర్‌తో ఆనీఆనకుండా నడవాలి.

బయట ఆవిడ కొడుకు కూర్చున్నాడు. సార్ చెబుతారనుకున్నాను. ఆయన తలుపు దగ్గర ఆగి, నన్ను ముందుకు వెళ్ళమన్నట్టు చెయ్యి చూపించారు. చెప్పాను. ఎముక చీలిందని, తీగలు కట్టామని, ఆరు వారాలు జాగ్రత్త అని. ఎవరి వల్ల చీలింది అని అతను అడగలేదు. నేను చెప్పలేదు.

ఆ వారం సార్ దాని ఊసే ఎత్తలేదు. గురువారం పాఠానికి నాకు విషయం ఇచ్చారు, అంతే: "చార్న్లీ టెఫ్లాన్ రోజులు." జాన్ చార్న్లీ పేరు తెలియని కీళ్ళ సర్జన్ ఉండడు. ఇంగ్లండులో రైటింగ్టన్ ఆసుపత్రిలో, 1962 నవంబరులో ఆయన మొదలుపెట్టిన తుంటి మార్పిడే ఇవాళ మేమందరం చేసేదానికి మూలం. లోహపు బంతి, పాలీఇథిలీన్ గిన్నె, సిమెంటు. పరీక్షలో అడిగేది అంతవరకే. దానికి ముందు ఏం జరిగిందో ఆ వారమే సరిగ్గా చదివాను. అంతకుముందు కొన్నేళ్ళు ఆయన గిన్నెకు టెఫ్లాన్ అనే ఇంకో ప్లాస్టిక్ వాడాడు. దాదాపు 300 మందికి. మొదట అద్భుతంగా ఉంది. తర్వాత టెఫ్లాన్ దారుణంగా అరిగింది, ఆ పొడి చుట్టూ ఉన్న ఎముకను తినేసింది. ఆ పొడికి శరీరం ఏం చేస్తుందో తెలుసుకోవడానికి తన తొడలోకే టెఫ్లాన్ పొడి ఎక్కించుకున్నాడు. చెడిపోయిన తుంట్లను ఇంకెవరి మీదికో తోసెయ్యకుండా తనే ఒక్కొక్కటిగా మళ్ళీ తెరిచాడు. కొత్త ప్లాస్టిక్ దొరికిన తీరు కూడా తమాషాగా ఉంటుంది. లాంకషైర్ మరమగ్గాల పళ్ళచక్రాలకు వాడే ముక్కను ఒక అమ్మకందారు తెస్తే, చార్న్లీకి అది ఆనకపోయినా ఆయన దగ్గరి సాంకేతిక సహాయకుడు హారీ క్రేవెన్ అరుగుదల యంత్రంలో పెట్టి చూశాడు. అది అరగలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజు చెప్పాను. కొత్త తుంటి బాగా పనిచేస్తోందని తెలిశాక కూడా, దాన్ని తయారుచేసే లీడ్స్ థాక్రే కంపెనీ అడిగినవాళ్ళందరికీ అమ్మకుండా చార్న్లీ కొన్నేళ్ళు అడ్డుకున్నాడు. తన దగ్గరికి వచ్చి, పని చూసి, నేర్చుకుని వెళ్ళినవాళ్ళకే ఇవ్వాలన్నాడు. ఇప్పుడు మేం ఫెలోషిప్ అంటున్నదానికి పూర్వరూపం అదే అనిపిస్తుంది నాకు. పాఠం అయ్యాక సార్ ప్రశ్నలేమీ అడగలేదు. టీ తెప్పించారు.

నెలాఖరుకు లాగ్‌బుక్ సంతకాలు. ప్రతి కేసుకూ ఒక వరుస, మూడు గళ్ళు: చూసినది, సాయం చేసినది, చేసినది. మూడో గడిలో ఎన్ని టిక్కులు ఉంటే అంత గొప్ప, అందరం లెక్కపెట్టుకుంటాం. సార్ వరుసగా సంతకం పెడుతూ పోతున్నారు. మిర్యాలగూడ ఆవిడ వరుస దగ్గర కలం ఆగింది. నేను టిక్కు పెట్టింది రెండో గడిలో. తీగలు కట్టింది ఆయన కదా, కాడ పెట్టింది ఆయన కదా అని నాకు నేను చెప్పుకున్నాను. రాసేటప్పుడు నిజంగా అలాగే అనిపించింది కూడా.

"సుత్తి ఎవరి చేతిలో ఉందమ్మా?" అన్నారు.

"నా చేతిలోనే సార్."

పుస్తకం నా వైపు తిప్పి, కలం ఇచ్చారు. రెండో గడిలో టిక్కు కొట్టేసి మూడో గడిలో పెట్టాను. పక్కన ఖాళీ స్థలంలో "మెడ లోపలి అంచు చీలిక, రెండు తీగలు" అని రాశాను. ఆయన సంతకం చేసి తర్వాతి వరుసకు వెళ్ళారు.

ఆరు వారాలకు ఆవిడ ఓ.పి.కి వచ్చింది. ఆ రోజు సార్ ఊళ్ళో లేరు, నేనే కూర్చున్నాను. ఫైలు తెరవకుండా తలుపు నుంచి కుర్చీ దాకా నడక చూశాను. వాకర్ ఉంది గానీ దాని మీద పెద్దగా ఆనడం లేదు. ఎక్స్‌రేలో కాడ కూర్చున్న చోటే ఉంది, చీలిక కనబడడం లేదు. వాకర్ వదిలి కర్ర పట్టుకోవచ్చని చెప్పాను. ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చూపిస్తే ఆవిడ తీగల వంక చాలాసేపు చూసింది.

"ఇవి తుప్పు పట్టవా బిడ్డా?"

"పట్టవమ్మా."

"నువ్వే కట్టినవా?"

అప్పటికి గదిలో ఆవిడా, నేనూ, బయటికి వెళ్ళబోతూ ఆగిన కొడుకూ ఉన్నాం. "కట్టింది పెద్ద డాక్టరు గారమ్మా. అది చీలింది మాత్రం నా దెబ్బకే" అన్నాను.

ఆవిడ కొడుకు వంక చూసింది. మళ్ళీ ఎక్స్‌రే వంక చూసింది. చీర కొంగు సర్దుకుంది.

"అయితే ఎడమదానికి కొంచెం మెల్లగా కొట్టు" అంది.